అరవై దాటినవాళ్లకి స్మార్ట్‌ఫోన్ తరగతి: ముందు ఏది నేర్పాలి, ఏది వదిలెయ్యాలి?

పల్నాడు గ్రంథాలయం:

అందరికీ నమస్కారం. మా మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయంలో వచ్చే నెల నుంచి పెద్దవాళ్లకి ఫోన్ తరగతి పెడుతున్నాం. వారానికి రెండు సాయంత్రాలు, నాలుగింటి నుంచి అయిదున్నర దాకా. ఇప్పటికి 14 మంది పేర్లు ఇచ్చారు. వయసు 62 నుంచి 81 వరకు. తొమ్మిదిమంది దగ్గర పిల్లలు వాడి ఇచ్చిన ఆండ్రాయిడ్ ఫోన్లు, నలుగురి దగ్గర కీప్యాడ్ ఫోన్లు, ఒకరి దగ్గర ఐఫోన్ ఉన్నాయి. అయిదుగురు పెన్షనర్లు, ఇద్దరిది కేంద్ర ప్రభుత్వ పెన్షన్, ముగ్గురిది ఈపీఎఫ్. మిగతావాళ్లు సేద్యం, చిన్న కొట్లు చేసుకున్నవాళ్లు. నేర్పడానికి ముగ్గురం ఉన్నాం.

అడగాలనుకున్నవి ఇవి. పాఠాల వరస ఎలా ఉండాలి? ఫోన్ తెలుగులో పెట్టాలా, ఇంగ్లీషులోనే ఉంచాలా? యూపీఐ నేర్పమని కొందరు, వద్దే వద్దని వాళ్ల పిల్లలు అంటున్నారు, ఏం చెయ్యాలి? పెన్షనర్లు బతికే ఉన్నామని ఏటా ఇచ్చే జీవన ప్రమాణ పత్రం ఫోన్లోనే ఇవ్వడం తరగతిలో చేయించగలమా? ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ పాఠాలు చేతికి దొరికాయి. వాటినే వరసగా చెప్పెయ్యొచ్చా?

మెల్లగా_నొక్కు:

ఆ పాఠాలు పక్కన పెట్టెయ్యండి. ఆ పథకం 14 నుంచి 60 ఏళ్ల వాళ్ల కోసం, ఇంటికొకరి చొప్పున, 20 గంటల్లో అయిపోయేలా తయారుచేసింది. 2024 మార్చితో ముగిసింది కూడా. మీ దగ్గర పేరిచ్చిన 14 మందిలో ఒక్కరు కూడా దాని వయసు హద్దులోకి రారు. పరికరాల పరిచయంతో మొదలుపెడితే డెబ్బై అయిదేళ్ల మనిషి రెండో రోజు రారు. వాళ్లకి కావలసిన పని ఒకటి ఉంటుంది. మనవరాలి ఫోటో చూడటమో, కరెంటు బిల్లు కట్టడమో, ఊళ్లో లేని కొడుకుతో వీడియోలో మాట్లాడటమో. పేరు రాసుకునేటప్పుడే "ఫోన్‌తో మీకు ముందు ఏం కావాలి?" అని అడిగి ఆ ఒక్కటీ పేరు పక్కన రాసుకోండి. మీ పాఠాల వరస అదే.

ముగ్గురికి 14 మంది ఎక్కువ. ఏడుగురు చొప్పున రెండు జట్లు చెయ్యండి. ఒక్కరు ఇద్దరినో ముగ్గురినో చూసుకోగలరు, అంతకు మించితే చెయ్యి ఎత్తినవాళ్ల దగ్గరికి పరుగెత్తడమే సరిపోతుంది.

మొదటి రోజు ఏమీ నేర్పకండి. ఆ రోజంతా ఫోన్లు సర్దడానికే. పెద్దవాళ్లు "నాకు రాదు" అని వదిలేసే చోట్ల సగం, ఫోన్ వాళ్ల చేతికి, కంటికి తగ్గట్టు లేకపోవడం వల్లనే. ఒక్కో ఫోన్‌కి పావుగంట నుంచి అరగంట పడుతుంది.

ముందు బ్యాటరీ చూడండి. పిల్లలు వాడి ఇచ్చిన ఫోన్లలో వెనక మూత కొద్దిగా లేచి ఉంటే బ్యాటరీ ఉబ్బినట్టే. ఆ ఫోన్‌ని ఛార్జింగ్ పెట్టనివ్వకండి, బ్యాటరీ మార్పించాకే తరగతికి తెమ్మనండి. తర్వాత గూగుల్ ఖాతా ఎవరిదో చూడండి. చాలావాటిలో కొడుకుదో కోడలిదో ఉంటుంది. వాళ్ల ఫోటోలు, కాంటాక్టులు ఇందులోకి, వీళ్లవి అందులోకి వెళ్తుంటాయి. ఇంట్లోవాళ్లకి చెప్పి ఆ ఖాతా తీసేసి, వీళ్ల పేరున కొత్తది తెరవండి. సంకేతపదం వాళ్ల నోటు పుస్తకంలో వాళ్ల చేతే రాయించండి, ఆ పుస్తకం ఇంట్లో బీరువాలో ఉంటుంది.

అక్షరాల సైజు గురించి ఒక మాట. అందరూ చివరిదాకా పెంచేస్తారు. అలా చేస్తే కొన్ని బ్యాంకు యాపుల్లో "కొనసాగించు" గుండీ తెర కిందకి జారిపోయి కనపడదు. పెద్దదానికి ఒక మెట్టు తక్కువలో ఆపి, అక్షరాలు బొద్దుగా వచ్చే ఎంపిక ఆన్ చెయ్యండి. ఇంకా చిన్నగా అనిపిస్తే సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలో మాగ్నిఫికేషన్ ఉంది, తెరని పెద్దది చేసి చూపిస్తుంది. దాన్ని మూడుసార్లు తట్టే పద్ధతిలో పెట్టకండి. అలా పెడితే ఫోన్ ప్రతి తట్టుకీ ఇంకో రెండు వస్తాయేమోనని క్షణం ఆగుతుంది, వీళ్లు పడలేదనుకుని మళ్లీ నొక్కుతారు, కావలసింది దాటిపోతుంది. తెర అంచున వచ్చే గుండీ పద్ధతి ఎంచుకోండి.

తెర ఆరిపోయే సమయం 30 సెకన్లు ఉంటుంది. ఆలోచించి నొక్కేలోపు చీకటైపోతే చెడగొట్టామని భయపడతారు. అయిదు నిమిషాలకి పెంచండి. కింద వేలితో జరిపే పద్ధతి తీసేసి మూడు గుండీల పద్ధతి పెట్టండి, వెనక్కి రావడానికి కంటికి కనిపించే గుర్తు ఉంటుంది. "టచ్ అండ్ హోల్డ్ డిలే" అన్నదాన్ని పొడవుకి మార్చండి. పెద్దవాళ్లు వేలు కాస్త ఎక్కువసేపు ఆనిస్తారు, ఫోన్ దాన్ని నొక్కి పట్టుకున్నట్టు లెక్కేసి ఏవేవో పెట్టెలు తెరుస్తుంది. ఈ ఒక్క మార్పుతో "నా ఫోన్ దానంతటదే ఏదో చేస్తోంది" అన్న ఫిర్యాదు చాలా తగ్గుతుంది. శాంసంగ్ అయితే డిస్‌ప్లేలో ఈజీ మోడ్ ఉంది, ఇందులో కొన్ని ఒకేసారి చేస్తుంది.

ఇక వేళ్లు. సేద్యం చేసిన చేతులకి వేలికొసలు కాయలు కాచి, పొడిబారి ఉంటాయి. తెర మన వేలిలోని తేమ ద్వారా వచ్చే విద్యుత్ మార్పుని పసిగడుతుంది, గట్టిపడిన చర్మం అంత బాగా అందదు. దాని మీద గీతలు పడ్డ మందపాటి గాజు ఉంటే అసలు అందదు. పాత గాజు తీయించండి, బల్ల మీద తడి పిండిన గుడ్డ ఒకటి ఉంచండి, మధ్యమధ్యలో వేలు అద్దుకుంటారు. గోటితో పొడవడం ఇంకో అలవాటు, గోరు తెరకి తెలియదు. నుదుట బొట్టు పెట్టేటప్పుడు వేలి మెత్తటి భాగం ఎలా ఆనుతుందో అలా ఆనించి తీయమనండి. నొక్కి పట్టుకోవాల్సి వస్తే కాగితం మీద వేలిముద్ర వేసినట్టు. జరపాలంటే అద్దం మీద ఆవిరి తుడిచినట్టు. "ట్యాప్", "లాంగ్ ప్రెస్", "స్వైప్" అని మూడు మాటలు బట్టీ పట్టించేకంటే ఇది త్వరగా చేతికి వస్తుంది.

ఒక నియమం మాత్రం మీ ముగ్గురూ గట్టిగా పెట్టుకోండి: వాళ్ల చేతిలోంచి ఫోన్ తీసుకోవద్దు. ఇంట్లో పిల్లలు చేసేది అదే, "ఇటివ్వు నాన్నా" అని లాక్కుని నాలుగు సెకన్లలో చేసేసి ఇచ్చేస్తారు. నేర్చుకోవడం అక్కడే ఆగిపోతుంది.

నల్లగొండ_టీచర్:

పైన చెప్పిన ఫోన్ సర్దుబాటు చాలా ముఖ్యం, దాన్ని దాటెయ్యొద్దు. నేను భాష గురించి, పాఠం నడిపే తీరు గురించి రాస్త.

ఫోన్ మొత్తం తెలుగులోకి మారిస్తే రెండు చిక్కులు. మెనూల్లో వచ్చే తెలుగు మనం మాట్లాడే తెలుగు కాదు, పెద్దమనుషులు "సెట్టింగ్స్" అంటే గుర్తుపడ్తరు గానీ పుస్తకాల మాట పెడితే ఆగిపోతరు. రెండోది, రాత్రి ఫోన్ పనిచెయ్యకపోతే సాయం చేసే మనవడికి తెలుగు చదవడం సరిగ్గ రాకపోవచ్చు. అట్లని ఇంగ్లీషు చదవలేనివాళ్లకి ఇంగ్లీషులో వదిలేస్తే బొమ్మలు చూసి ఊహించుడే. మధ్యే మార్గం ఉంది. ఫోన్ ఇంగ్లీషులో ఉంచి, వాళ్లు రోజూ వాడే యాపులు మాత్రమే తెలుగులో పెట్టండి. వాట్సాప్‌లో సెట్టింగ్స్‌లోనే భాష మార్చొచ్చు. ఆండ్రాయిడ్ 13, ఆపైన అయితే సిస్టమ్‌లో భాషల కింద ఒక్కో యాపుకి వేరే భాష పెట్టే వీలుంది. తెలుగు ధారాళంగా చదివేవాళ్లు, ఇంగ్లీషు అక్షరాలు అస్సలు రానివాళ్లు అయితే మొత్తం తెలుగులోనే పెట్టండి. ఆయన్ని, ఆమెని అడిగి పెట్టండి, అందరికీ ఒకే లెక్క పనికిరాదు.

టైపింగ్ నేర్పకండి, కనీసం మొదటి నెల. గుణింతాలు, ఒత్తులు వెతుక్కుంటూ ఒక వాక్యం రాసేసరికి తరగతి అయిపోతది. జీబోర్డులో, అంటే గూగుల్ కీబోర్డులో, తెలుగు చేర్చి, మైకు గుర్తు చూపించండి. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది: యంత్రానికి అర్థం కావాలని ఒక్కో మాట విడగొట్టి, ఆగి ఆగి, గట్టిగ చెప్తరు. అట్ల చెప్తే అది మధ్యలో వినుడు ఆపేస్తది. పక్కింటివాళ్లతో మాట్లాడినట్టు ఒక చిన్న వాక్యం ఒక్క ఊపులో చెప్పమనండి. చెప్పింది తెర మీద తెలుగులో పడగానే వాళ్ల ముఖం చూడండి. చదువు తక్కువని ఇన్నేళ్లు వెనక్కి జరిగినవాళ్లకి అది చిన్న విషయం కాదు.

నా వరస ఇట్ల ఉంటది. మొదట ఫోన్ ఎత్తుడు, పెట్టేసుడు, గొంతు పెంచుడు తగ్గించుడు, టార్చి, వెనక్కి వచ్చుడు. తర్వాత వాట్సాప్‌లో మాట పంపుడు. దాంట్ల కష్టం ఎక్కడంటే మైకు మీద వేలు పట్టి ఉంచాలె, వేలు జారితే మాట పోతది. వేలు కొద్దిగ పైకి జరిపితే తాళం గుర్తు పడతది, ఇక చెయ్యి తీసేసి నిమ్మళంగ మాట్లాడొచ్చు. చేతులు వణికేవాళ్లకి ఇది ముందే చూపించండి. ఆ తర్వాత ఫోటో తీసి పంపుడు, వీడియో కాల్, మ్యాపులో ఆసుపత్రి దారి చూసుడు.

ఒక్క తరగతికి ఒక్క పని. దాన్నే మూడుసార్లు చెయ్యాలె, మూడోసారి మీరు మాట్లాడొద్దు. వచ్చే తరగతిలో మొదటి పావుగంట అదే మళ్లీ. అచ్చేసిన కరపత్రాలు ఇవ్వకండి. వాళ్ల నోటు పుస్తకంలో వాళ్ల మాటల్లోనే వాళ్లే రాసుకోవాలె: "పచ్చ బొమ్మ, మీది గీతలో కోడలి పేరు, కింద మైకు, పట్టుకో, పైకి జరుపు, మాట్లాడు, బాణం." రాయరానివాళ్లు బొమ్మలు గీసుకుంటరు. ఒక జాగ్రత్త, "రెండో వరసలో మూడోది" అని చోటు రాయనీయకండి. యాపు అప్‌డేట్ అయితే చోటు మారుతది, రంగూ ఆకారమూ చాలావరకు మారవు.

మీరు ఆంధ్రలో ఉన్నరు కాబట్టి "మన మిత్ర" కూడా పాఠంగా పెట్టొచ్చు. 2025 జనవరిలో మొదలైన ప్రభుత్వ వాట్సాప్ సేవ, నంబరు 95523 00009. హాయ్ అని పంపితే సేవల జాబితా వస్తది. వాట్సాప్ వచ్చినవాళ్లకి కొత్త యాపు నేర్చుకునే పని తప్పుతది. నంబరు మీరే సేవ్ చేసి ఇవ్వండి, పేరు పక్కన ధ్రువీకరణ గుర్తు చూపించండి.

కౌంటర్_నంబర్_4:

యూపీఐ సంగతి. "వద్దే వద్దు" అనే పిల్లల భయం నిజమైనదే. కానీ పూర్తిగా ఆపేస్తే పెద్దాయన రెండు వందల మందులకి కూడా ఎవరినో బతిమాలుకోవాలి. డబ్బు తన చేతిలో లేని మనిషి ఇంట్లో మాట కూడా తగ్గించుకుంటారు. నేర్పండి, కానీ ఖాతాలు విడగొట్టి నేర్పండి.

పెన్షన్ పడే ఖాతాని, ఎఫ్‌డీలు ఉన్న ఖాతాని యూపీఐకి కలపకూడదు. చిన్న సేవింగ్స్ ఖాతా ఇంకొకటి తెరిచి, దాన్ని మాత్రమే కలిపి, అందులో నెలకి ఓ రెండు, మూడు వేలు ఉంచుకోవాలి. ఏదైనా జరిగితే పోయేది అంతే. ఇంతకంటే గట్టి రక్షణ ఏ యాపూ ఇవ్వదు.

ఇంకో దారి యూపీఐ సర్కిల్, 2024 ఆగస్టులో వచ్చింది. ఖాతా కూతురిదో కొడుకుదో, వాడేది తల్లో తండ్రో. రెండు రకాలు ఉన్నాయి. ఒకదాంట్లో పెద్దాయన స్కాన్ చేస్తే, పిల్లల ఫోన్‌కి వచ్చి, వాళ్లు పిన్ కొడితేనే డబ్బు వెళ్తుంది. రెండోదాంట్లో నెలకి ఇంత అని ముందే హద్దు పెడతారు, ఆ హద్దు 15,000 దాటదు, ఒక్కసారికి 5,000. ఎక్కడో దూరాన ఉన్న పిల్లలకి మొదటి రకం కుదరదు, సమయాల తేడా వల్ల కూరగాయల బండి దగ్గర నిలబడాల్సి వస్తుంది. రెండోదే పెట్టుకోమనండి.

యాపు మొదట తెరిచేటప్పుడు ఎక్కువగా ఆగిపోయే చోటు: మీ ఫోన్ నుంచి బ్యాంకుకి దానంతటదే ఒక ఎస్సెమ్మెస్ వెళ్తుంది. బ్యాంకులో ఇచ్చిన నంబరు ఉన్న సిమ్ నుంచే వెళ్లాలి. రెండు సిమ్‌లు ఉంటే తప్పుడుది ఎంచుకుంటారు. లేదా ఆ సిమ్‌లో ఎస్సెమ్మెస్ ప్యాక్ ఉండదు, మెసేజ్ కదలదు. "సర్వర్ సమస్య" అని పదిసార్లు ప్రయత్నించకముందు ఈ రెండూ చూడండి. పిన్ పెట్టుకోవడానికి డెబిట్ కార్డు లేకపోతే ఆధార్ ఓటీపీతో చాలా బ్యాంకుల్లో వీలవుతుంది.

తరగతిలో అభ్యాసం ఒక్క రూపాయితో చేయించండి. మీరు ఒకరికి పంపండి, ఆయన పక్కవారికి, ఆవిడ తిరిగి మీకు. ప్రతిసారీ పిన్ కొట్టేముందు తెర మీద వచ్చిన పేరు పైకి చదవాలి. ఈ పేరు చదవడం అలవాటైతే తప్పు నంబరుకి వెళ్లడం దాదాపు ఆగుతుంది. డబ్బు వచ్చినవాళ్లని అడగండి: "మీరు పిన్ కొట్టారా?" కొట్టలేదు. అదే పాఠం. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు. "స్కాన్ చేస్తే మీకు పడతాయి" అన్నవాడు దొంగ.

"పెండింగ్" అని వస్తే మళ్లీ పంపకూడదు. ఖాతాలో పోయి అవతల పడకపోతే, వ్యక్తికి పంపినది మరుసటి రోజు లోపు, దుకాణానికి పంపినది అయిదు రోజుల లోపు తిరిగి రావాలి. ఇది ఆర్‌బీఐ పెట్టిన గడువు. రాకపోతే ఆ లావాదేవీ 12 అంకెల నంబరుతో బ్యాంకుకి వెళ్లాలి.

మోసాల విషయంలో జాబితాలు చదివించకండి, జాబితా ఎప్పుడూ పాతబడిపోతుంది. మన పెద్దవాళ్లు మోసపోవడానికి తెలియకపోవడం ఒక్కటే కారణం కాదు. మాట్లాడుతున్న మనిషి మొహాన ఫోన్ పెట్టెయ్యడం వాళ్లకి అమర్యాద. అవతలివాడు "సార్", "అమ్మా" అంటూనే అరగంట నిలబెడతాడు. అందుకని పెట్టెయ్యడాన్నే అభ్యాసం చేయించండి. మీలో ఒకరు పక్క గదిలోంచి ఫోన్ చేసి పోలీసుగానో, కొరియర్ మనిషిగానో మాట్లాడండి. వాళ్లు ఒక్క వాక్యం చెప్పాలి, "మా అబ్బాయితో మాట్లాడి చెబుతా", వెంటనే ఎర్ర గుండీ. రెండో వాక్యం వద్దు. ప్రతి ఒక్కరూ మూడుసార్లు చెయ్యాలి. మొదటిసారి నొక్కలేరు, బొటనవేలు ఎర్ర గుండీ మీద ఆగిపోతుంది. మూడోసారికి వస్తుంది. "డిజిటల్ అరెస్ట్" అన్నది మన చట్టంలో ఎక్కడా లేదని, వీడియోలో ఎవరూ ఎవరినీ అరెస్టు చెయ్యలేరని ఆ సందర్భంలోనే చెప్పండి.

ఫోన్లో చెయ్యాల్సినవి: యాపుల ప్రత్యేక అనుమతుల్లో "తెలియని యాపులు ఇన్‌స్టాల్" అన్నది వాట్సాప్‌కి, క్రోమ్‌కి, ఫైళ్ల యాపుకి మూసెయ్యండి. పెళ్లి పత్రిక, చలానా, పీఎం కిసాన్ పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్లు (నొక్కితే యాపు ఇన్‌స్టాల్ చేసేవి) ఆ దారినే లోపలికి వచ్చి, మెసేజ్‌లు చదివే అనుమతి తీసుకుని ఓటీపీలు పట్టుకుపోతాయి. వాట్సాప్ ప్రైవసీలో తెలియని కాల్స్ మోగకుండా చెయ్యండి, గ్రూపుల్లో చేర్చే వీలు కాంటాక్టులకే ఇవ్వండి, రెండంచెల ధ్రువీకరణకి ఆరంకెల పిన్ పెట్టండి. ఎవరో చెప్పిన నంబరేదో కొట్టారని అనుమానం ఉంటే ##002# డయల్ చేస్తే కాల్ ఫార్వర్డింగ్, అంటే మన కాల్స్ ఇంకో నంబరుకి మళ్లించడం, అంతా రద్దవుతుంది.

డబ్బు పోతే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్, ఆ క్షణమే. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి దూకేలోపు ఆపగలగాలి. అందుకే గంటల తేడా కూడా లెక్కకి వస్తుంది. ఖాతా నంబరు, ఎంత, ఎప్పుడు, ఆ 12 అంకెలు దగ్గర పెట్టుకోవాలి. బ్యాంకుకి కూడా అదే రోజు రాతపూర్వకంగా చెప్పాలి. తమ తప్పు లేకుండా బయటివాడు లాగేస్తే మూడు పనిదినాల్లో తెలిపినవాళ్లకి నష్టం ఉండదని ఆర్‌బీఐ 2017 జులై నిబంధనలు చెప్పాయి. పిన్ తామే చెప్పి ఉంటే, బ్యాంకుకి తెలిపే దాకా పోయినదంతా తమదే. ఆలస్యానికి అసలు కారణం సిగ్గు. పిల్లలు తిడతారని రెండు మూడు రోజులు దాస్తారు. మీ తరగతి చివర ఒక రోజు ఇంట్లోవాళ్లని కూడా పిలిచి ఈ ఒక్క సంగతి వాళ్లకి చెప్పండి.

పీపీఓ_సహాయం:

జీవన ప్రమాణ పత్రం తరగతిలో చేయించొచ్చు, హాయిగా. వేలిముద్ర యంత్రం అక్కర్లేదు, 2021 నవంబరు నుంచి ముఖంతో చేసే పద్ధతి ఉంది. ప్రతివారి ఫోన్లోనూ పెట్టక్కర్లేదు. మీలో ఒకరి ఆండ్రాయిడ్ ఫోన్లో ఆపరేటరుగా నమోదైతే అందరివీ దాన్నుంచే చెయ్యొచ్చు. ఐఫోన్ ఆయనది కూడా. 4 జీబీ ర్యామ్, శుభ్రమైన కెమెరా ఉన్న ఫోన్ తీసుకోండి.

ప్లే స్టోర్ నుంచి రెండు యాపులు కావాలి: జీవన్ ప్రమాణ్, ఆధార్ ఫేస్ ఆర్‌డీ. రెండోది ఇన్‌స్టాల్ అయ్యాక తెర మీద బొమ్మ కనపడదు, "తెరువు" గుండీ కూడా రాదు. పడలేదనుకుని తీసేసి మళ్లీ వేస్తుంటారు. అది వెనక ఉండి పనిచేసే యాపు, అలాగే ఉంటుంది.

ముందు ఆపరేటరు తన ఆధార్, మొబైల్, ఈమెయిల్ ఇచ్చి, ఓటీపీ కొట్టి, తన ముఖం చూపించాలి. ఆ తర్వాత పెన్షనరు వివరాలు: ఆధార్, మొబైల్, పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నంబరు, పెన్షన్ పడే ఖాతా నంబరు, పెన్షన్ మంజూరు చేసిన విభాగం, పంచే సంస్థ. చివరి రెండే అందరినీ తికమక పెడతాయి. తప్పు ఎంపిక చేసినా పత్రం తయారవుతుంది, ప్రమాణ్ ఐడీ మెసేజ్ వస్తుంది, కానీ అవతల బ్యాంకు తిరస్కరిస్తుంది. పీపీఓ కాగితం ఎదురుగా పెట్టుకుని అక్షరం అక్షరం చూసి నింపండి. నాలుగైదు రోజుల తర్వాత పోర్టల్‌లో ఆమోదం అయిందో లేదో చూసేదాకా పని పూర్తయినట్టు కాదు.

గడువులు: కేంద్ర పెన్షనర్లకి నవంబరు 1 నుంచి 30, ఎనభై దాటినవాళ్లకి అక్టోబరు 1 నుంచే. మీ ముగ్గురు ఈపీఎఫ్ పెన్షనర్లకి నవంబరుతో పని లేదు, ఎప్పుడిచ్చినా అక్కణ్నుంచి ఏడాది చెల్లుతుంది. కాబట్టి నవంబరు రద్దీలో వాళ్లని కూర్చోబెట్టకండి. ఇంటి నుంచి కదలలేనివాళ్లకి పోస్టుమాన్ ద్వారా ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ఇంటికి వచ్చి చేస్తుంది.

కీప్యాడ్ ఫోన్ నలుగురిని స్మార్ట్‌ఫోన్ కొనమని ఒత్తిడి పెట్టకండి. వాళ్లకి కావలసింది నంబరు బతికి ఉండటం. బ్యాంకు, ఆధార్ రెండూ దానికే ముడిపడి ఉన్నాయి, నిలిచిపోయిన నంబరు 90 రోజులు దాటితే ఇంకొకరికి వెళ్లిపోవచ్చు. డేటా లేకుండా మాటలు, మెసేజ్‌లకి మాత్రమే ఉండే రీఛార్జి ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది, దుకాణంలో అదే అడగమనండి, ఏడాదికి ఒకసారి వేసుకునేవీ ఉన్నాయి. మెసేజ్ పెట్టె నిండితే ఓటీపీ రాదు, పాతవి తుడిచెయ్యడం వాళ్లకి మొదటి పాఠం.

పల్నాడు గ్రంథాలయం:

ఇంత వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. మొదటి రోజు ఫోన్లు సర్దడానికే అని గోడ మీద ప్రకటన మార్చేశాం. ఒక్క సందేహం మిగిలింది. 81 ఏళ్ల పెద్దావిడకి ముఖం పట్టడం లేదు, మూడుసార్లు చూశాం. వేలిముద్రలు ఎప్పుడో అరిగిపోయాయి. ఏం చెయ్యాలి?

పీపీఓ_సహాయం:

ముందు వెలుతురు. గ్రంథాలయంలో కిటికీకి వీపు పెట్టి కూర్చోబెట్టి ఉంటారు, ముఖం నల్లగా పడుతుంది. కిటికీ ఎదురుగా, వెనక ఖాళీ గోడ ఉండేలా కూర్చోబెట్టండి. కళ్లజోడు తీయించండి, తల మీద కొంగు ఉంటే చెవుల దాకా వెనక్కి జరపమనండి. ఫోన్ చెయ్యి చాచినంత దూరంలో, ఆవిడ కళ్ల ఎత్తుకి మీరు పట్టుకోండి. కింద నుంచి పట్టుకుంటే గడ్డమే పెద్దగా పడుతుంది. రెప్ప వెయ్యమని అడుగుతుంది. కంటి ఆపరేషన్ అయినవాళ్లు, రెప్పలు వాలినవాళ్లు వేసిన రెప్ప దానికి అందదు, కాబట్టి కళ్లు బాగా తెరిచి, ఒక్కసారి గట్టిగా మూసి తెరవమనండి. కెమెరా అద్దం మెత్తటి గుడ్డతో తుడవండి.

అప్పటికీ కాకపోతే రెండు కారణాలు ఉండొచ్చు. ఎవరో ఆవిడ ఆధార్ బయోమెట్రిక్స్‌కి తాళం వేసి ఉంటారు. ఆ తాళం వేలికే కాదు, ముఖానికీ పడుతుంది. ఆధార్ యాపులో చూసి తాత్కాలికంగా తెరిచి, వెంటనే చెయ్యండి, కొద్దిసేపటికి దానంతటదే మళ్లీ పడిపోతుంది. లేదా ఆధార్‌లో ఫోటో పదేళ్ల కిందటిది అయి ఉంటుంది, అప్పటి ముఖంతోనే ఇది పోల్చి చూస్తుంది. ఆధార్ కేంద్రంలో కొత్త ఫోటో తీయించి, అది నమోదైనట్టు మెసేజ్ వచ్చాక మళ్లీ ప్రయత్నించండి.

ఈలోగా గడువు దగ్గర పడితే కాగితం మీద ఇచ్చే పాత పద్ధతి ఇప్పటికీ చెల్లుతుంది. ఆవిడ పెన్షన్ తీసుకునే బ్యాంకు శాఖకి పీపీఓ, ఆధార్ పట్టుకుని వెళ్లి అధికారి ఎదుట సంతకమో వేలిముద్రో వేస్తే సరిపోతుంది. రసీదు అడిగి తీసుకోండి.